డంజియన్ మాస్టర్లకు బహిరంగ లేఖ: మా పాలడిన్‌ని పడగొట్టే ముందు ఒక్క మాట

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర వేసే ఆటల్లో, కథ నడిపించే డంజియన్ మాస్టర్లందరికీ (డీఎంలకి) నమస్తే.

ఈ ఉత్తరం ఫలానా వాళ్లకని రాయడం లేదు. టేబుల్‌కి అటువైపు అట్ట తెర వెనకాల కూర్చుని, ఎవరైనా "ఈసారి నేను పాలడిన్ ఆడతా" (దేవుడి కట్టుబాట్లకి లోబడి పోరాడే ధర్మవీరుడి పాత్ర, కట్టుబాటు తప్పితే శక్తులు పోతాయి) అనగానే పెదాల చివర చిన్నగా నవ్వుకునే ప్రతి ఒక్కరికీ రాస్తున్నా. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మొదట నన్ను చూసి ఒకాయన నవ్వాడు, కొన్నేళ్లకి డీఎం కుర్చీలో కూర్చున్నాక నేనూ ఇంకొకడిని చూసి అలాగే నవ్వాను. అందుకని ఇందులో తిట్లేమైనా కనబడితే సగం నా వాటా అనుకోండి.

ముందు నా గోడు, తర్వాత వాదన.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడున్నర ఎడిషన్ (మూడో ఎడిషన్ రూళ్లని సవరించిన కూర్పు) ఆడుతున్న రోజులు. నా పాలడిన్ ఐదో లెవెల్, అప్పుడే దేవుడిచ్చిన గుర్రం కూడా వచ్చింది. ఒక ఊళ్లో రోజుకొకరు చచ్చిపోతున్నారు. వెతగ్గా వెతగ్గా తేలింది ఏమిటంటే, ఎనిమిదేళ్ల పిల్లని ఏదో పిశాచం ఆవహించి రాత్రిళ్లు ఈ పని చేయిస్తోంది, పిల్లకి ఆ సంగతే తెలియదు. బాగుంది, మంచి కథే అనుకున్నా. పిల్లని గుడికి తీసుకెళ్దామంటే వరదకి వంతెన కొట్టుకుపోయిందన్నాడు డీఎం. పూజారినే పిలిపిద్దామంటే పోయిన నెలే పోయాడట. 'ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్' మంత్రం వేశాను, ఆవహించడాన్ని అది అడ్డుకుంటుందని రూల్‌బుక్‌లో స్పష్టంగా ఉంది. "ఈ పిశాచం మీద పనిచేయదు" అన్నాడు. కట్టేస్తే తాళ్లు తెంపుకుంది. పోనీ ఊరే ఖాళీ చేయిద్దామంటే జనం కదలరట. ఒక్కో తలుపూ నేను వెతుక్కుని వెళ్లేసరికి ఆయన అప్పుడే గడియ పెట్టేస్తున్నాడు, టేబుల్ చుట్టూ మిగతా నలుగురూ ఫోన్లు చూసుకుంటున్నారు.

చివరికి పిల్లని చంపనని చెప్పేసి, ఆ గది గుమ్మంలో కత్తి పట్టుకుని రాత్రంతా నిలబడ్డా. తెల్లారేసరికి ముగ్గురు చచ్చారు. డీఎం ఒక్క డైస్ కూడా వేయకుండా చెప్పాడు: నీ కత్తిలో వెలుగు ఆరిపోయింది, నీ గుర్రం మొహం తిప్పుకుని వెళ్లిపోయింది, అమాయకుల్ని కాపాడలేదు కాబట్టి నీ దేవుడు నిన్ను వదిలేశాడు. "మరి పిల్లని చంపి ఉంటే?" అని అడిగాను. "అప్పుడూ పోయేదే" అన్నాడు, ఆ నవ్వుతోనే.

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది గుర్రం పోయినందుకు కాదు. కథలో నా నిర్ణయానికి వీసమెత్తు విలువ లేదని తెలిసినందుకు. రెండు గంటల పాటు నేను తల బద్దలుకొట్టుకున్నదంతా దండగ, జవాబు అంతకుముందు వారమే ఆయన నోట్‌బుక్‌లో రాసి ఉంది.

మన భాషలో దీనికి రెండు వేరువేరు మాటలున్నాయి, మనం ఆ రెండింటినీ కలిపేస్తున్నాం. ఒకటి ధర్మసంకటం. ఇంకోటి ముందు నుయ్యి వెనక గొయ్యి. ధర్మసంకటంలో రెండు వైపులా ధర్మమే ఉంటుంది, ఏ వైపు వెళ్లినా ఒక మంచిని పట్టుకుని ఇంకో మంచిని వదిలేయాలి, అందుకే అది నొప్పి. నుయ్యీ గొయ్యీ దగ్గర ధర్మం ప్రసక్తే లేదు, పడటం ఖాయం, ఎందులో పడతావో చెప్పు అంతే. ఆ రోజు నాకు మొదటిది వడ్డిస్తానని చెప్పి రెండోది వడ్డించారు. నాకు తెలిసిన పాలడిన్ ఆటగాళ్లలో ఈ అనుభవం లేనివాడు దాదాపు లేడు.

ఈ జబ్బు మీతో మొదలైంది కాదనీ ఒప్పుకోవాలి. ఆటకే పుట్టుకతో వచ్చింది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వస్తే, పాలడిన్ మరుసటి ఏడాది గ్రేహాక్ అనే అనుబంధంలో వచ్చాడు. అప్పట్లో పాలడిన్ కావాలంటే కరిజ్మా (పాత్రకున్న ఆకర్షణ శక్తి) కనీసం 17 పడాలి. మూడు డైస్ వేస్తే 216 రకాలుగా పడొచ్చు, అందులో 17 గానీ 18 గానీ వచ్చేవి నాలుగే. అంటే 54 సార్లు వేస్తే సగటున ఒక్కసారి. అంత అదృష్టం ఉంటే తప్ప దొరకని క్యారెక్టర్ అన్నమాట. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో షరతులు ఇంకా బిగిశాయి: మాయ వస్తువులు పదికి మించకూడదు, సంపాదనలో పదో వంతు ఇచ్చేయాలి, మంచివాళ్లతో తప్ప తిరగకూడదు. కట్టుబాటు తప్పితే ఏడో లెవెల్‌కి తగ్గని క్లెరిక్ (దేవుడి మంత్రాలు వేసే పూజారి) దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి, కావాలని చెడ్డపని చేశాడా, అంతే సంగతులు, ఆ క్షణం నుంచి జీవితాంతం మామూలు ఫైటర్. తిరిగి వచ్చే దారి లేదు.

అంటే 54లో ఒకసారి తగిలిన లాటరీ టికెట్‌ని ఎప్పుడైనా చించేసే హక్కు ఒకే ఒక్కడి చేతిలో పెట్టారు. అలాంటి హక్కు చేతికిచ్చాక చేయి దురద పెట్టకుండా ఉంటుందా?

తర్వాత ఎడిషన్లు ఒక్కోటీ ఆ ముడి కాస్త కాస్త వదులు చేస్తూ వచ్చాయి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అటోన్‌మెంట్ అనే ప్రాయశ్చిత్త మంత్రంతో తిరిగి నిలబడొచ్చు. మూడున్నరలో చూస్తే, కావాలని చేసిన పాపానికైతే ఆ మంత్రం వేసే పూజారి తన అనుభవంలోంచి 500 పాయింట్లు వదులుకోవాలి. ఒకడి పాపాన్ని ఇంకొకడు తన బతుకులోంచి చెల్లించడం, ఆలోచించండి, ఎంత కథ ఉంది అందులో! నేను చూసిన టేబుళ్లలో దాన్ని వాడుకున్నవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ దాన్ని జరిమానా రసీదులాగే చూశారు. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో పాలడిన్ పడిపోవడమన్న రూలే తీసేశారు. 2014లో ఐదో ఎడిషన్ అలైన్‌మెంట్ (పాత్ర మంచివాడా చెడ్డవాడా అన్న ముద్ర) గొడవ వదిలేసి ప్రతిజ్ఞలు (ఓత్‌లు) తెచ్చింది. నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే తెలివైన మార్పు, ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

ఇక్కడ భారతంలోకి ఒకసారి వెళ్లొస్తా. ప్రతిజ్ఞలకీ ధర్మసంకటాలకీ మనకి అంతకంటే పెద్ద బడి లేదు కదా.

కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరంలో పడుకున్న ధర్మరాజు, చూడటానికి వచ్చిన అర్జునుడు కర్ణుణ్ని చంపి వచ్చాడనుకుంటాడు. ఇంకా చంపలేదని తెలిసి నిష్ఠూరంగా మాట్లాడతాడు, నీ గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమంటాడు. అర్జునుడు కత్తి దూస్తాడు. ఎందుకంటే గాండీవం ఇచ్చేయమన్నవాడి తల నరుకుతానని ఆయనకో ప్రతిజ్ఞ ఉంది, అదీ ఎవరికీ తెలియని ప్రతిజ్ఞ. ఇటు అన్న, అటు మాట. మన భాషలో చెప్పాలంటే, పాలడిన్ ఆటగాడు క్యారెక్టర్ షీటు మీద మూడేళ్ల కింద రాసుకున్న ఒక లైను ఇవాళ పార్టీలో (కలిసి తిరిగే పాత్రల బృందంలో) పెద్దవాడి మెడ మీదికి వచ్చింది.

మీరైతే ఏం చేసేవారు? నా పాత డీఎం అయితే "నరుకుతావా, ప్రతిజ్ఞ తప్పుతావా, రెంటికీ పోతావు" అని చేతులు కట్టుకు కూర్చునేవాడు. కృష్ణుడు అలా చేయలేదు. ముందు గట్టిగా మందలించాడు. తర్వాత కౌశికుడి కథ చెప్పాడు: ఎప్పుడూ నిజమే చెప్తానని వ్రతం పట్టిన ఆ తాపసి, అడవిలోకి పారిపోయినవాళ్లు ఎటు వెళ్లారని దొంగలు అడిగితే నిజమే చెప్పాడు, వాళ్లు చచ్చారు, ఆయన నరకానికి వెళ్లాడు. ఆ తర్వాత దారి చూపించాడు. పెద్దవాణ్ని 'నువ్వు' అని ఏకవచనంలో పిలిచి అవమానిస్తే అతన్ని చంపినట్టే, కాబట్టి అలా పిలువు, మాటా నిలుస్తుంది, అన్నా బతుకుతాడు. అర్జునుడు అన్నని నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టాక తట్టుకోలేక ఈసారి తనని తాను పొడుచుకోబోయాడు. దానికీ కృష్ణుడి దగ్గర మందుంది: ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానం, కాసేపు నిన్ను నువ్వు పొగుడుకో అన్నాడు.

(ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. రెండూ ఒకేసారి.)

గమనించండి, కృష్ణుడు ప్రతిజ్ఞని కొట్టిపారేయలేదు, ఉత్తిదే పోనీ అనలేదు. దాని బరువు అలాగే ఉంచి, మోయడానికి కొత్త పట్టు చూపించాడు. అర్జునుడికి ఖర్చు కూడా తగిలింది, అన్నని అనరాని మాటలన్నాడు, ఆ మాటలు వెనక్కి రావు. మూడో దారి అంటే ఉచితంగా బయటపడే దారి అని కాదు. పాలడిన్ ఆటగాడు మూడో దారి వెతుకుతున్నప్పుడు మీరు తలుపు మూయడానికి కంగారుపడతారు, సంకటం తేలిపోతుందని భయం. తేలిపోదు. తలుపు తీయండి, గుమ్మం దగ్గర రుసుము అడగండి.

శిక్ష సంగతికి కూడా అక్కడే కొలమానం ఉంది. "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, "కుంజరః" అని గొణిగిన రోజున ధర్మరాజు రథం, అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాలు పైన తేలుతూ వెళ్లేది, నేలకి దిగింది. అంతే. గుర్రాలు పారిపోలేదు, ఆయుధాలు ఆరిపోలేదు, యుద్ధం ఆగలేదు. అందరి రథాల్లాగే ఆయన రథమూ దుమ్ములో నడిచింది. చూసేవాళ్లకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ నాలుగంగుళాలు చాలు. ఒక అబద్ధానికి మొత్తం క్యారెక్టర్‌ని చించి చెత్తబుట్టలో వేసే డీఎంలు ఈ కొలత ఒకసారి గోడ మీద రాసుకోవాలి.

కౌశికుడి చిక్కుముడిని ఆటల్లో చక్కగా విప్పింది, నేను చూసినంతలో, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్. 2019లో వచ్చింది. అందులో పాలడిన్ నియమాలకి వరస ఉంది, పైనున్నది కిందున్నదాన్ని గెలుస్తుంది. అమాయకులకి హాని జరగనివ్వకూడదన్నది పైన, అబద్ధమాడకూడదన్నది కింద. గుడిలో తలదాచుకున్నవాళ్లని చంపడానికి దుష్టరాజు వచ్చి లోపల ఎవరైనా ఉన్నారా అంటే పాలడిన్ అబద్ధం చెప్పొచ్చని ఉదాహరణతో సహా రాశారు. ఎప్పుడో భవిష్యత్తులో జరగొచ్చనే హానికి నువ్వు బాధ్యుడివి కావని కూడా రాశారు. ఈ రెండు వాక్యాలు నా పాత డీఎం టేబుల్ మీద ఉంటే ఆ రాత్రి వేరేలా ఉండేది. అయితే ఇందులో చిన్న లోటు ఉందంటాను. వరస మరీ స్పష్టంగా ఉంటే ఆటగాడు లెక్కల మాస్టారులా జవాబు చెప్పేసి ముందుకెళ్లిపోతాడు. అబద్ధం చెప్పొచ్చు, సరే. చెప్పాక నోరు చేదుగా ఉందా లేదా? ఆ ప్రశ్న రూల్‌బుక్ అడగదు, మీరు అడగాలి.

పనికొచ్చే సలహా ఒకటి కావాలంటే ఇదిగో. మూడో ఎడిషన్‌లో ఫైలాక్టరీ ఆఫ్ ఫెయిత్‌ఫుల్‌నెస్ అనే వస్తువుంది, ధర 1,000 బంగారు నాణేలు. అది కట్టుకున్నవాడు ఒక పని చేసే ముందు క్షణం ఆగి ఆలోచిస్తే, ఈ పని నీ అలైన్‌మెంట్‌కి, నీ దేవుడి దగ్గర నీ స్థానానికి చెరుపు చేస్తుందా లేదా అన్నది తెలుస్తుంది. దాన్ని ప్రతి పాలడిన్‌కీ ఊరికే ఇచ్చేయండి. వస్తువుగా ఇవ్వనక్కర్లేదు, మీ నోటితో ఇవ్వండి. "ఆగు. మీ గుడిలో దీన్ని పాపం అంటారు. అయినా చేస్తావా?" అని అడగండి, చాలు. ఆ పాలడిన్ చిన్నప్పటి నుంచి గుడిలో పెరిగాడు, ఏది తప్పో ఏది ఒప్పో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అతన్ని ఆడిస్తున్నవాడు ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చి బూట్లు విప్పాడు. వాడికి తెలియనంత మాత్రాన క్యారెక్టర్‌కి తెలియకపోవడం ఉండదు కదా. తెలిసీ "చేస్తాను" అన్నాడా, అక్కడ మొదలవుతుంది అసలు ఆట. రూలులో 'కావాలని' అన్న మాట ఊరికే పెట్టలేదు.

గోబ్లిన్ (ఆటలో శత్రువులుగా వచ్చే పొట్టి జీవులు) పిల్లల సంగతి కూడా మాట్లాడుకుందాం, అది లేకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. గుహలో పెద్ద గోబ్లిన్లందర్నీ చంపేశాక మూల గదిలో చంటిపిల్లలు కనబడతారు, పార్టీ అంతా పాలడిన్ వైపు తిరుగుతుంది, డీఎం తెర వెనక చేతులు రుద్దుకుంటాడు. ఈ ఆటంత పాతది ఇది. కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్ లాంటి తొలినాళ్ల అడ్వెంచర్లలోనే గుహల్లో పోట్లాడని ఆడవాళ్లూ పిల్లలూ ఉంటారు. నాకు ఇది విసుగు. ఎందుకంటే ఇక్కడ జవాబు పాలడిన్ దగ్గర లేదు, మీ దగ్గరుంది. మీ లోకంలో గోబ్లిన్ పుట్టుకతోనే చెడ్డదా, పెంపకంతో చెడ్డదా? ఆ సంగతి మీరు చెప్పకుండా వాణ్ని తీర్పు చెప్పమంటే ఎలా? మూడున్నర ఎడిషన్ మాన్‌స్టర్ మాన్యువల్ తీసి చూడండి, రాక్షసులకి 'ఎప్పుడూ' చెడు అని, గోబ్లిన్లకి 'సాధారణంగా' అని, ఓర్క్‌లనే ఇంకో శత్రుజాతికి 'తరచుగా' అని రాసి ఉంటుంది. ఆ 'తరచుగా' అంటే 40 నుంచి 50 శాతం అని అదే పుస్తకం చివర్లో లెక్క చెప్తుంది. అంటే ఓర్క్‌ల్లో కనీసం సగం మంది ఆ అలైన్‌మెంట్ వాళ్లు కారు! "ఓర్క్ అంటే చెడ్డదే కదా, నరికెయ్" అని ఎన్నేళ్లు ఆడాం మనం. నేనైతే ఈ ప్రశ్నని మొదటి సెషన్ కంటే ముందే, అందరూ కూర్చుని ఎలాంటి ఆట కావాలో మాట్లాడుకునే సెషన్ జీరోలోనే తేల్చేయమంటాను. టేబుల్ మీద చంటిపిల్లల చావు ఉండొచ్చా లేదా అన్నది కూడా అప్పుడే అడగాలి. ఇంట్లో ఏం జరిగి వచ్చి కూర్చున్నారో మనకి తెలియదు.

ఇప్పుడు ప్రతిజ్ఞల సంగతి. లొంగిపోయిన దొంగల నాయకుడు కాళ్ల మీద పడ్డాడు, ఇది పాత సీనే. కానీ ఎవరి కాళ్ల మీద పడ్డాడన్నది చూడండి. ఓత్ ఆఫ్ డివోషన్ పట్టినవాడికి నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, కర్తవ్యం ఉన్నాయి. కరుణ వదిలేయమంటుంది, కర్తవ్యం వీడు మళ్లీ ఊరి మీద పడితే ఎవరిది పూచీ అంటుంది. ఓత్ ఆఫ్ వెంజెన్స్ వాడికి 'దుర్మార్గుడికి దయ లేదు' అని ఉంది, వాడికి నరకడంలో సంకటమే లేదు, వాణ్ని ఇరకాటంలో పెట్టాలంటే ఆ దొంగని చంపితే వాడి వెనకున్న పెద్ద చెడు తప్పించుకునేలా చేయాలి, ఎందుకంటే 'పెద్ద చెడుతో ముందు పోరాడు' అనే నియమం కూడా వాడిదే. 2017లో వచ్చిన ఓత్ ఆఫ్ రిడెంప్షన్ వాడు అసలు కత్తినే చివరి మార్గంగా పెట్టుకున్నవాడు, వాడికి ఆ దొంగని వదిలేయడం సులువు, వాణ్ని మార్చడానికి రెండు నెలలు వెంట తిప్పుకోవడమే కష్టం. ఒకే సీను, మూడు వేరే నొప్పులు. అలైన్‌మెంట్ రోజుల్లో ముగ్గురికీ ఒకే పరీక్ష పేపర్ ఇచ్చేవాళ్లం. మీ పాలడిన్ ప్రతిజ్ఞ ఏమిటో మీరు ఒక్కసారైనా పూర్తిగా చదివారా? నిజం చెప్పండి. నేను చదవలేదు, మొదటి రెండు క్యాంపెయిన్లూ (ఎన్నో సెషన్ల పాటు సాగే కథలు).

ఇలా బాగా నడిచిన సీను ఒకటి నా అనుభవంలోనే ఉంది. ఐదో ఎడిషన్, నాది డివోషన్ పాలడిన్. పట్టుబడ్డ దొంగకి మాటిచ్చాను, మీ గుడారాల దగ్గరికి దారి చూపించు, ప్రాణాలతో వదిలేస్తా అని. వాడు చూపించాడు. అక్కడ ఒక పెట్టెలో ఉంగరం దొరికింది, అది మా క్లెరిక్ తమ్ముడిది, ఏడాదిగా ఆమె వెతుకుతున్న తమ్ముడు. ఉంగరం ఎక్కడిదంటే వీడే చెప్పాడు, నేనే చంపానని. క్లెరిక్ గద ఎత్తింది. ఆ డీఎం నా దేవుడి ఊసెత్తలేదు, ప్రతిజ్ఞ ఊసెత్తలేదు. మ్యాప్ మీద వేలు పెట్టి ఒక్కటే అడిగాడు, "మీవాడు ఎక్కడ నిలబడ్డాడు?"

నా బొమ్మని తీసి ఇద్దరి మధ్యలో పెట్టాను. చేయి కాస్త వణికింది, అబద్ధమెందుకు. క్లెరిక్ ఆడుతున్నామె నా వైపు చూసి, "నీ మాట నిలబెట్టుకున్నావు, బాగానే ఉంది. మా తమ్ముడికి నేనిచ్చిన మాట సంగతేంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. దొంగ వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు సెషన్లు ఆమె పార్టీలో అందరి గాయాలూ మాన్పింది, నావి తప్ప. ఆటలోనే సుమండీ, బయట బాగానే మాట్లాడుకున్నాం, ఆమె ముందే నన్ను అడిగింది కూడా, ఇలా చేస్తే నీకు ఇబ్బందా అని. నా కత్తి వెలుగు ఎక్కడికీ పోలేదు. దేవుడు వదల్లేదు, పక్కనున్న మనిషి వదిలేసింది. డీఎం చెప్పే ఏ శిక్ష కన్నా అది గట్టిగా తగిలింది, పైగా ఆయన ఏమీ చేయనక్కర్లేకపోయింది.

పాలడిన్ ఆటగాళ్లని వెనకేసుకొస్తున్నాననుకోకండి. మాలో కూడా ఉన్నారు. పార్టీలో దొంగ పాత్ర అయిన రోగ్ పర్సు కొట్టేస్తే కత్తి దూసేవాడు, ప్రతి సత్రంలో ప్రతివాడి మీదా చెడుని పసిగట్టే 'డిటెక్ట్ ఈవిల్' వేసి ఎర్రగా మెరిసినవాడిని నరికేవాడు, అడిగితే "నా క్యారెక్టర్ అంతే" అనేవాడు. పాత రూళ్లలో చెడ్డవాళ్లతో కలిసి తిరగకూడదని ఉండేసరికి, ఒకడు పాలడిన్ తీసుకుంటే మిగతా నలుగురూ ఏం ఆడాలో కూడా వాడే నిర్ణయించినట్టయ్యేది. పార్టీవాళ్లు ఖైదీని చితకబాదాలనుకున్నప్పుడు "నువ్వు కాసేపు బయట గుర్రాలు చూసుకో" అని పాలడిన్‌ని పంపించేయడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను, బయటికి వెళ్లినవాణ్నీ నేనే. అది కూడా సంకటమే, నిజానికి మంచి సంకటం, ఆ అరుపులు తలుపు అవతలికి వినబడతాయా అని డీఎం అడిగి ఉంటే. ఐదో ఎడిషన్‌లో పాలడిన్‌కి ఉండే పసిగట్టే శక్తిని, డివైన్ సెన్స్‌ని, దేవతాజాతి, రాక్షసులు, చచ్చి లేచినవాళ్ల వరకే పరిమితం చేసి మంచిపని చేశారు, ఇప్పుడు మనుషుల మంచిచెడ్డలు మాట్లాడి తెలుసుకోవాల్సిందే.

పాలడిన్ పడిపోకూడదనీ నేను అనడం లేదు. పడాలి, కొందరు ఘోరంగా పడాలి. ధర్మవీరుల గురించే రాసిన ఆటలు చూడండి. 1985లో వచ్చిన పెన్‌డ్రాగన్‌లో వీరుడి స్వభావం పదమూడు జంటలుగా ఉంటుంది, దయ-క్రూరత్వం, నిజాయితీ-మోసం ఇలా, ప్రతి జంటా కలిపితే 20. దయ 16 ఉన్నవాడిలో కూడా క్రూరత్వం 4 మిగిలి ఉంటుంది, ఏదో ఒక రాత్రి ఆ నాలుగే పైకి వస్తుంది. 2004 నాటి డాగ్స్ ఇన్ ద విన్‌యార్డ్‌లోనైతే ఆటగాళ్లే దేవుడి తరఫున ఊరూరా తిరిగి తీర్పులు చెప్పే కుర్రాళ్లు, చేతిలో తుపాకులు. వాళ్ల తీర్పు తప్పని చెప్పే అధికారం ఆట నడిపేవాడికి లేదు, చిక్కుల్లో ఉన్న ఊరిని వాళ్ల ముందు పెట్టడమే ఆయన పని. ఆ రెండు ఆటల్లోనూ మనిషి చెడిపోవచ్చు, కుప్పకూలొచ్చు. కానీ తెర వెనక ఒకడు కూర్చుని పన్నిన గొయ్యిలో కాదు. పడటమే కథ కావాలంటే ఆటగాణ్ని అడగండి, "నీవాడు పడిపోయే కథ ఆడదామా?" అని. ఎగిరి గంతేసేవాళ్లు చాలామంది ఉంటారు. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకంలో ప్రతిజ్ఞ తప్పినవాడు రాత్రంతా ప్రార్థనలో జాగారం చేయడం, ఉపవాసం ఉండటం, సాటి పాలడిన్ దగ్గర తప్పు ఒప్పుకోవడం ఉన్నాయి, పశ్చాత్తాపమే లేనివాడికి ఓత్‌బ్రేకర్ దారీ ఉంది. ఇవన్నీ ఒక్కోటి ఒక్కో సెషన్ ఆట. "నీ పవర్లు పోయాయి, షీటు మార్చుకో" అని అర నిమిషంలో తేల్చేస్తే ఆ ఆటంతా ఎవరు ఆడతారు?

నా పాపం కూడా చెప్పేసి ముగిస్తా, తిట్లలో సగం నా వాటా అన్నాను కదా. నేను డీఎంగా ఉన్న మొదటి క్యాంపెయిన్‌లో ఒక కుర్రాడు పాలడిన్ తీసుకున్నాడు. చట్టబద్ధమైన జమీందారు, చట్టప్రకారమే ఒక మంత్రసానిని ఉరి తీయిస్తున్నాడు, ఆపితే చట్టాన్ని ధిక్కరించినట్టు, ఆపకపోతే అమాయకురాలిని వదిలేసినట్టు. వాడు చాలాసేపు ఆలోచించి, "రూల్‌లో న్యాయబద్ధమైన అధికారాన్ని గౌరవించాలని ఉంది అన్నా, ఈయనది న్యాయబద్ధమేనా? నేను పై కోర్టుకి అపీలు వేస్తా, తీర్పు వచ్చేదాకా ఆమె బదులు నేను జైల్లో కూర్చుంటా" అన్నాడు. ఎంత అందమైన జవాబు! నేనేం చేశానో తెలుసా, "ఈ రాజ్యంలో పై కోర్టు లేదు" అన్నాను. గడియ పెట్టేశాను. వాడు ఉరికంబం మీదికి వెళ్లి ఆమెని విడిపించాడు, నేను వాడి పవర్లు పీకేశాను. తర్వాతి వారం వాడు కొత్త క్యారెక్టర్‌తో వచ్చాడు, డబ్బు కోసం దేన్నైనా నరికే ఫైటర్. మిగతా క్యాంపెయిన్ అంతా అలాగే ఆడాడు, ఏ నిర్ణయం దగ్గరా ఒక్క క్షణం ఆగలేదు.

ఇన్నాళ్ల తర్వాత ఆ కుర్రాడే మళ్లీ నా టేబుల్‌కి వస్తున్నాడు. పాలడిన్ తీసుకుంటానన్నాడు, ఆ మాట అనే ముందు కాస్త ఆగాడు కూడా. ఓత్ ఆఫ్ రిడెంప్షన్ అట. ఈసారి నియమాలన్నీ చదివాను, రెండుసార్లు. వాడికోసం ఒక సీను రాశాను: వాడు మార్చాలనుకునే మనిషికి మారాలనే ఉంది, కానీ మారితే అతని మీద ఆధారపడ్డ పదిమంది ఆకలితో చస్తారు. రేపే మొదటి సెషన్. నోట్‌బుక్‌లో ఆ సీను కింద, తర్వాత ఏం జరుగుతుందో రాసుకునే చోట, అర పేజీ ఖాళీగా వదిలేశాను.